వదిలిన ఎత్తు

మా అక్క కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. మా బావ ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఇద్దరూ ఉప్పూ నిప్పూ. వాళ్ళింట్లోనే ఒక గదిలో పడి తింటున్నవాణ్ణి, తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. వినక మాత్రం తప్పదు.

ఆ వేసవి సెలవులకు ముందు కొత్త ప్రిన్సిపాల్ ఒక ఆర్డర్ వేశాడు. కాలేజీ తెరిచాక ఫిజిక్స్ లెక్కలు బోర్డు మీద చేస్తే చాలదు, ప్రోగ్రాం రాసి కంప్యూటర్‌లో చేసి చూపాలి. చేతకానివాళ్ళ క్లాసు కొత్తగా చేరినవాళ్ళకి పోతుంది. అక్కకి ఆ క్లాసే ప్రాణం. సెలవుల్లో నేర్చుకుని తీరాలి. నేర్పగలిగినవాడు ఇంట్లోనే ఉన్నాడు, అదే దాని ఖర్మ.

"ఆ బ్రాకెట్ ఎవరు మూస్తారు, మీ నాన్నా?" ఇదీ బావ పాఠం చెప్పే తీరు. ఆ నాన్న నాకూ నాన్నే. పళ్ళు నూరుకుని ఊరుకునేవాణ్ణి.

మొదటి ప్రోగ్రాం, తాడుకి వేలాడే గుండు. కాలాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ గుండు ఎక్కడుందో లెక్కకట్టాలి. బావ చెప్పినట్టే అక్క టైపు చేసింది. తెర మీద గుండు ఊగింది. ఊగినకొద్దీ పైకి లేచింది. ఆఖరికి గిర్రున చుట్టు తిరిగింది.

"వదిలిన ఎత్తు దాటి గుండు పోదండీ, ఎవరైనా తోస్తే తప్ప," అంది అక్క.

"ముక్కలు ఇంకా చిన్నవి చెయ్యి."

చేసింది. ఈసారి నెమ్మదిగా లేచింది, అంతే.

"కంప్యూటర్ అబద్ధం చెప్పదు. నీ చదువే బూజు పట్టింది," అన్నాడు బావ.

అక్క నా డంబెల్ అడిగి తీసుకుంది. హాల్లో ఫ్యాను రిపేరుకి వెళ్ళింది, కొక్కెం ఖాళీగా ఉంది. దానికి నా చేతే నైలాన్ తాడు కట్టించి డంబెల్ వేలాడదీసింది. బావని ఎదురుగా నిలబెట్టి, డంబెల్ లాగి ఆయన గడ్డానికి ఆనించింది.

"ఊరికే వదులుతాను. మీ ప్రోగ్రాం నిజమైతే తిరిగొచ్చి మీ పళ్ళు రాలగొడుతుంది. నా చదువు నిజమైతే గడ్డం దాటి రాదు. కదలకండి."

వదిలింది. డంబెల్ అవతలికి పోయి వెనక్కి తిరిగింది. బావ ఒక్క గెంతు గెంతి సోఫాలో పడ్డాడు. ఆయన గడ్డం ఉండాల్సిన చోటికి వేలెడు ఇవతలే ఆగి, అది మళ్ళీ వెనక్కి పోయింది. నేను పగలబడి నవ్వాను.

"నవ్వరా నవ్వు, తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడా," అన్నాడు బావ.

అక్క కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో వరుసా చదివింది. ముందు గుండుని లాగే బలం లెక్క, తర్వాత గుండుని జరపడం, ఆ తర్వాత వేగం మార్చడం. అంటే ప్రతిసారీ పాత వేగంతోనే గుండు జరుగుతోంది. చివరి రెండు వరుసలూ తారుమారు చేసింది. ముందు వేగం మారాలి, మారిన వేగంతో గుండు జరగాలి. ఇక గుండు ఎంతసేపు ఊగినా బుద్ధిగా వచ్చిన దారినే వెనక్కి పోయింది.

కాలేజీ తెరిచారు. ప్రిన్సిపాల్ ఎదుట అదే చేసి చూపింది, క్లాసు దక్కింది. ఆ రోజు అన్నం దగ్గర బావ మీసం దువ్వాడు.

"అంతా నా చలవే. ఆ డంబెల్ సంగతంటావా, అది మీదికొస్తుంటే ఎవడైనా గెంతుతాడు."

వడ్డిస్తున్న అక్క చెయ్యి ఆగింది.

"డంబెల్‌ని చూసి కాదు మీరు గెంతింది. నేను తోశాననుకున్నారు."

బావ కలుపుతున్న ముద్ద వదిలేసి అక్క మొహంలోకి చూశాడు.

"తొయ్యలేదా?"

వేళాకోళానికి అడిగి ఉంటే క్షమించేవాణ్ణి. నిజంగానే అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క గరిటె గిన్నెలో పెట్టి, తన కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.