ఆఫ్రికాకు పార్సిళ్లుండవు

సౌదీలోని యాన్బులో, మా కంపెనీ క్యాంపులో ఎవరికైనా లీవు మంజూరైందంటే చాలు, ఆ సాయంత్రమే అతని గదికి జనం వస్తారు. చేతుల్లో కవర్లు, కవర్ల మీద ఊరి పేరు, ఫోన్ నంబరు. పెళ్లాం పిల్లలున్నవాడైతే తన సామానుకే చోటు లేదని ముందే చేతులెత్తేస్తాడు. నేనేమో ఒంటికాయ సొంటికొమ్మును. అమ్మానాన్నలు పోయారు, పెళ్లి కుదరలేదు, కుదిర్చేవాళ్లూ మిగల్లేదు. "నీకేముందన్నా, నీ పెట్టె ఖాళీయే గద" అంటారు నవ్వుతూనే. విమానంలో నాకిచ్చే ముప్పై కిలోలూ అలా వాళ్లే పంచుకుంటారు.

పదమూడేళ్లలో ఆరు లీవులు ఇలాగే కరిగిపోయాయి. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్ బస్సులెక్కుతూ దిగుతూ ఖర్జూరాలు, అత్తర్లు, దుప్పట్లు పంచాను. ప్రతి ఇంట్లోనూ కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, మావాడు బక్కగయిండా అని అడిగేవారు. నా గురించి అడిగినవాళ్లు అరుదు. ఒళ్లు మండేది. అయినా ఇంకో చాయ్ తాగి లేచేవాణ్ని.

అందుకే ఈ లీవొక్కటైనా నాదిగా ఉండాలనుకున్నాను. ప్లాంటు గేటు దగ్గర కాపలా ఉండే కెన్యా అతను ఒకరోజు ఫోన్‌లో వీడియో చూపించాడు. విల్డెబీస్ట్‌లట, మన దున్నలకు దూరపు చుట్టాల్లా ఉన్నాయి. వేలకొద్దీ నది ఒడ్డుకు చేరి, దూకాలా వద్దా అని తచ్చాడుతున్నాయి. ఒకటి దూకింది. ఇక ఏదీ ఆగలేదు. నేను పంపుల మెకానిక్‌ని, పొద్దస్తమానం చూసేది పైపులూ ఇసుకే. ఆ పచ్చిక చూస్తే కళ్లు చల్లబడ్డాయి, ఈసారి అక్కడికే అనుకున్నాను.

రెండు నెలలు ఇద్దరం వచ్చీరాని ఇంగ్లీషులో మంతనాలాడాం. ఆగస్టులో అయితే నది దాటడం కనిపించొచ్చు. పైకప్పు లేచే వ్యాను ఉంటుంది. నేనొక్కణ్నే కాబట్టి తెలియనివాళ్లతో కలిపి కూర్చోబెడతారు. సౌదీకి తిరిగి రావాలంటే ఎల్లో ఫీవర్ టీకా కాగితం చూపించాలి. నీలం, నలుపు బట్టలు మాత్రం వద్దన్నాడు, అక్కడి ఒక రకం ఈగలు ఆ రంగుల మీదే వాలి కుడతాయట. నా దగ్గరున్నవన్నీ కంపెనీ ఇచ్చిన నీలం డ్రెస్సులే. బజారుకెళ్లి మట్టిరంగు చొక్కాలు రెండు కొనుక్కున్నాను. అద్దంలో చూసుకుంటే ఎవడో కొత్త మనిషి, బాగానే ఉన్నాడే అనిపించింది.

నాకు దేశం దాటి తిరిగి రావడానికిచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా వచ్చిన సంగతి ఆఫీసులో ఎవరో బయటపెట్టారు. ఇంకేముంది, కవర్లు రావడం మొదలైంది. ఇంటికి పోవడం లేదని చెప్పలేక, ఇచ్చినవన్నీ తీసుకుని మంచం కింద పెట్టాను. మొహమాటానికి పోతే కడుపైందట, నా సంగతీ అంతే. మూడో రోజుకు మంచం కింద కాలు పెట్టే సందు లేదు.

నాలుగో రోజు శుక్రవారం. మెస్‌లో అందరూ తింటుండగా లేచి చెప్పేశాను, ఈసారి ఊరికి కాదు, ఆఫ్రికాకు, జంతువులను చూడ్డానికి అని. ముందే చెబితే ఇంకొకరికి ఇచ్చుకునేవాళ్లం గదా అన్నాడొకతను. నిజమే, తప్పు నాదే. ఒక్కొక్కరే వచ్చి కవర్లు తీసుకుపోయారు. తిట్టిపోసినా బాగుండేది. ఆ తర్వాత వారం పాటు నా తలుపు తట్టిన మనిషి లేడు. ఇన్నేళ్లూ అన్నా అని పిలిచింది నన్నా, నా ఖాళీ పెట్టెనా? ఆ ఆలోచన వచ్చిన రోజు దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. నలభై నాలుగేళ్లవాణ్ని, సిగ్గెందుకు, ఏడ్చాను.

ఒక్క కవరు మాత్రం మిగిలింది. అది మా ప్లంబర్ కుర్రాడిది, కోరుట్ల పక్క ఊరు. తనింకా చూడని కూతురికి కొన్న గౌను. నా ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం వచ్చాడు. దాని కోసమే అనుకుని చేతికిచ్చాను. తీసుకున్నాడు గానీ కదల్లేదు, మంచం అంచున కూర్చున్నాడు. సింహాలు వ్యాను దాకా వస్తాయా, రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటావు అని అడిగాడు. నన్ను ఆ మాట అడిగింది అతనొక్కడే. ఇక నేనాగలేదు. నది, మొసళ్లు, ఏనుగుల మందలు, మట్టిరంగు చొక్కాలు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అతను చివరిదాకా విన్నాడు.

"మంచిగున్నదన్నా. ఒక్కనివే పోతున్నవా?"

"ఒక్కన్నే."

"మరి సూసొచ్చి ఎవలకు చెప్తవ్?"

"నీకే చెప్తరా."

అతను గౌను కవరును మోకాళ్ల మీద సాపు చేశాడు.

"నేనుండ గదన్నా. నన్ను ఆ కొసకు, దమ్మామ్ సైట్‌కు ఏసిన్రు. రేపు పొద్దుగాలనే బస్సు."

అది చెప్పిపోదామనే వచ్చాడు. అరగంటగా నేను ఏనుగుల గురించే మాట్లాడుతున్నాను, ఎందుకొచ్చావురా అని అడగనే లేదు.