గేటు దాకా నడిచి వెళ్లిన టీచర్

మా తెలుగు టీచర్ పోయారు. ఆదివారం పొద్దున సూర్యాపేటలో నేను పనిచేసే మందుల దుకాణం షట్టర్ ఎత్తుతుంటే, పదో తరగతి స్నేహితుల గ్రూపులో ఆ కబురు వచ్చింది. నిన్న సాయంత్రం కోదాడలో, గుండెపోటుతో. ఈరోజు మధ్యాహ్నం సమాధి చేస్తారట. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నాయి. యజమానికి చెప్పి కోదాడ బస్సెక్కాను. పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. అదే మంచిదనిపించింది.

నేరేడుచర్లలో మా హైస్కూలుకు ఆమె మిర్యాలగూడ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. సొంతూరు కోదాడ, అందుకే మాటలో కొంచెం అటు ఆంధ్ర పలుకు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని మేమెవరం అడగలేదు. మా నోటు పుస్తకాల్లో తప్పుల మీద ఎర్రగీత కొట్టేవారు కాదు, పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టేవారు. "తప్పెక్కడుందో చూపించడం వరకే నా పని. దిద్దుకోవాల్సింది నువ్వు" అనేవారు. మధ్యాహ్నం స్టాఫ్ రూముకు వెళ్లకుండా, హాస్టల్ పిల్లలం కూర్చునే వరండాలో టిఫిన్ డబ్బా తెరిచేవారు. అందులో గోంగూర పచ్చడి సగానికి పైగా మా పళ్లాల్లోకే వచ్చేది.

నేను హాస్టల్ పిల్లనే. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయనకు గొర్రెల మంద ఉండేది. వరి కోతలయ్యాక మాడుగులపల్లి వైపు పొలాల్లో మంద నిలిపి, చలిలో అక్కడే పడుకునేవాడు. క్లాసులో మాత్రం నేను "మా నాయన హైదరాబాద్‌ల కంపెనీల చేస్తడు" అని చెప్పాను. ఎనిమిదిలో చెప్పిన ఆ అబద్ధం పదో తరగతి దాకా నాతోనే నడిచింది.

ఆ ఏడాది సెలవులకు ముందు బడిలో సెమీ క్రిస్మస్ చేశారు. టీచర్ మాతో ఏసు పుట్టుక నాటకం వేయించారు. నాకూ ఇంకో ఇద్దరికీ గొర్రెల కాపరుల వేషం. మిగతా ఇద్దరూ కర్రను చీపురు పట్టుకున్నట్టు పట్టుకుంటుంటే చూడలేక, రిహార్సల్లో నేను కర్ర భుజాన వేసి, నాలుక మడిచి, మందను పిలిచే కూత వేశాను. అందరూ నవ్వారు.

"నీకెట్లొచ్చిందే గది?" అంది నా స్నేహితురాలు.

"సినిమాల సూసిన."

టీచర్ నా మొహంలోకి చూశారు. "ఎక్కడ చూసినా బాగా చూశావమ్మా. వీళ్లిద్దరికీ నేర్పు" అన్నారు, అంతే.

నాటకం ఉన్న సంగతి హాస్టల్ ఫోన్లో నాయనకు చెప్పాను కానీ, రమ్మనలేదు. ఆయన వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. షామియానా వెనక నుంచి మాకు కనిపిస్తూనే ఉంది.

"ఎవరే గాయన? నిన్నే సూస్తున్నడు" అంది స్నేహితురాలు.

"నాకేం తెల్సు. మా ఊరాయన కావచ్చు" అన్నాను.

అప్పుడు టీచర్ నా వెనకే నిలబడి, నా తలకు చుట్టిన రుమాలుకు పిన్నీసు పెడుతున్నారు. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత పిన్నీసు పెట్టి, రుమాలు సర్ది, గేటు దాకా నడిచి వెళ్లారు. నాయనను వెంట తీసుకొచ్చి టీచర్ల వరసలో కుర్చీ వేయించారు. ఆయన గొంగడి ఒళ్లో పెట్టుకుని, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

వేదిక మీద నుంచి ఆయన్ను చూడగానే నా మాటలన్నీ పోయాయి. పరదా వెనక నుంచి టీచర్ మెల్లగా ఒక్కో మాటా అందించారు. ఎలాగో పూర్తి చేశాను. కేకు పంచేటప్పుడు చూస్తే ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

టీచర్ నన్ను పక్కకు పిలిచారు. "మీ నాన్న వెళ్లిపోయాడు. మంద దగ్గర ఎవరూ లేరట. నిన్ను పిలుస్తానంటే వద్దన్నాడు. 'దోస్తులతోని ఉన్నది, ఉండనియ్యుండ్రి టీచరమ్మా' అన్నాడు."

నేను ఏడ్చాను. ఆమె ఊరుకోబెట్టలేదు, తిట్టలేదు. "షామియానా వెనక నువ్వన్న మాట నేనెవరికీ చెప్పను. నువ్వే ఎప్పుడైనా ఆయనతో చెప్పుకో" అన్నారు.

చెప్పలేదు. నేను ఊరెళ్లినప్పుడల్లా నాయన "మీ టీచరమ్మ మంచిగున్నదా?" అని అడిగేవాడు. ఆ మాట వెంట నా మాట కూడా వచ్చేస్తుందేమోనని భయపడి, "మంచిగనే ఉన్నది" అని లేచిపోయేదాన్ని. నాలుగేళ్ల కింద నాయన పోయాడు.

ఆ తర్వాత ఒక్కసారి టీచర్ కనిపించారు, కోదాడ బస్టాండ్‌లో. రిటైరై అక్కడే కిరాయి ఇంట్లో ఒంటరిగా ఉంటున్నారు. నాయన పోయిన సంగతి చెప్పాను. చాలాసేపు నా చెయ్యి పట్టుకుని, "చెప్పావా?" అని అడిగారు.

"చెప్పిన టీచర్."

"మంచిదమ్మా" అన్నారు.

నమ్మారో లేదో తెలియదు. నాకైతే నమ్మలేదనే అనిపించింది. గంట దూరంలో ఉండి కూడా, మళ్లీ ఆమె దగ్గరికి వెళ్లలేదు. నా తప్పు తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆమె. తెలిసీ నన్ను ఎప్పటిలాగే చూసిన మనిషి. ఆ చూపుకు ఎదురు నిలబడలేకపోయాను. ఇప్పుడిక నన్ను "చెప్పావా" అని అడిగేవాళ్లు లేరు. మీకిది తేలికైన సంగతిలా కనిపించవచ్చు. కాదు.

సమాధుల తోటలో ఇరవై మందిమి కూడా లేము. పాస్టర్ ప్రార్థన అయ్యాక, వచ్చినవాళ్లంతా ఎటువాళ్లటు వెళ్లారు. నేను ఆమె ఉన్న ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. తలుపుకు తాళం వేసి ఉంది. పెరట్లో తీగ మీద లేత నీలం నూలు చీర ఒకటి ఆరేసి ఉంది.

"నిన్న పొద్దున ఆరేసుకున్నారమ్మా. ఈ హడావిడిలో ఎవరం తీయలేదు" అంది ఇంటి ఓనరమ్మ.

తీగ మీంచి చీర తీశాను. రాత్రి మంచుకు తడిసి, ఎండకు మళ్లీ ఆరి, అంచు గరుకుగా ఉంది. కొంగు దులిపి, నాలుగు మడతలు పెట్టాను. ఓనరమ్మ లోపలికి వెళ్లిపోయింది. తాళం వేసిన తలుపు ముందు, ఆ చీర రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాను.