పెళ్ళి వీడియో లోపలి కుట్టు

కొలతలమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తు లేదు. చెప్పుల షాపు పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే ఎడమవైపు మొదటి గది ఆవిడ షాపు. ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీ బల్ల, కిటికీ పక్కన నిలువుటద్దం, ఇంకొక మనిషి నిలబడేంత ఖాళీ. ఆవిడ కొత్త బట్టలు కుట్టదు. ఎవరో కుట్టి పాడుచేసినవాటిని బాగుచేస్తుంది. వదులైనవాటిని బిగిస్తుంది, బిగుతైనవాటిని వదులు చేస్తుంది, ఒళ్ళు చేసిన విషయం ఒప్పుకోనివాళ్ళతో బట్టే కుదించుకుపోయిందని తానే అబద్ధం చెబుతుంది. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. ఒకసారి బ్యాంకుకి కూడా అలాగే వెళ్ళొచ్చింది.

ఆవిడకి ఒక అలవాటుంది. ఏ బట్ట చేతికొచ్చినా ముందు దాన్ని తిరగేస్తుంది. "పైన నాకేం పని, లోపలి కుట్టు చూడనివ్వండి" అంటుంది. ఈ పిచ్చి షాపుకే పరిమితమైతే బాగుండేది. కాబోయే అల్లుడు మొదటిసారి ఇంటికొచ్చి, కోటు విప్పి కుర్చీకి తగిలించి చేతులు కడుక్కోడానికి వెళ్తే, అతను తిరిగొచ్చేలోపు ఆ కోటూ తిరగబడింది. లోపలి జేబు చినిగితే తనే కుట్టుకున్నట్టున్నాడు, వంకరటింకరగా, కానీ గట్టిగా. "పిల్లాడు పర్లేదే" అని కూతురి చెవిలో ఊదింది. కూతురు సిగ్గుతో చచ్చిపోయింది, సంబంధం మాత్రం ఖాయమైంది.

కూతురు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. తండ్రి పోయి పద్నాలుగేళ్ళు. అప్పటికి దానికి పదేళ్ళు. ఇంటికి ఇద్దరే కాబట్టి పెళ్ళి లెక్కలూ ఇద్దరే వేసుకున్నారు, బట్టలు చుట్టి ఇచ్చే గోధుమరంగు కాగితం మీద, సుద్దముక్కతో. హాలు, భోజనాలు, బట్టలు, పూలు అన్నీ పోగా వీడియోకి మిగిలింది అరవై వేలు. ఆ అంకె కింద కొలతలమ్మ రెండు గీతలు గీసింది. ఆవిడ రెండు గీతలు గీసిందంటే అక్కడ ఇక కత్తెర పడాల్సిందే గానీ సాగదీయడాలు ఉండవు.

మొదట వెళ్ళిన స్టూడియో కూతురు ఎంచుకున్నది. అద్దాల తలుపు, మెత్తని సోఫా, గోడంత టీవీ. కోటు వేసుకున్న కుర్రాయన లైట్లు తగ్గించి ఒక పెళ్ళి వీడియో పెట్టాడు. పెళ్ళికూతురు గడ్డిలో మెల్లగా పరుగెత్తుతోంది, అంతకంటే మెల్లగా జుట్టు ఎగురుతోంది. కెమెరా డ్రోనెక్కి మబ్బుల్లోకి వెళ్ళి, హాలునీ జనాన్నీ పైనుంచి చూపించింది. అంతా నాలుగు నిమిషాలు, మొదటి నుంచి చివరిదాకా ఒకటే సంగీతం. కూతురి కళ్ళు మెరిసిపోయాయి.

"మాటలేవీ?" అంది కొలతలమ్మ.

"మాటలెవరు వింటారు మేడం? అదంతా గోల. మ్యూజిక్ వేస్తే ఫీల్ వస్తుంది."

"ఇలా అతికించకముందు, మీరు తీసింది తీసినట్టు ఉంటుంది కదా. అది చూపించండి."

"అది కస్టమర్లకి చూపించం మేడం."

"అయితే లోపల దారాలు వేలాడుతున్నాయన్నమాట" అని ఆవిడ లేచి సంచి అందుకుంది. కుర్రాయన నోరు వెళ్ళబెట్టాడు.

రెండో చోటా ఇదే తంతు, మూడో చోటా ఇదే తంతు. తిరిగి తిరిగి కూతురికి కాళ్ళు పడిపోయాయి.

"పెళ్ళికొడుకుని చూడ్డానికి కూడా ఇన్ని తిప్పలు పడలేదమ్మా" అని బస్టాపులో విసుక్కుంది.

"వాడి కోటు చూశాగా, సరిపోయింది" అంది తల్లి.

నాలుగో మనిషిని చెప్పింది ప్యాంట్లు పొట్టి చేయించుకోడానికొచ్చే ఒక లెక్కల మాస్టారు. ఈ వీడియో ఆయనకి స్టూడియో అంటూ ఏమీ లేదు. ఇంట్లో వంటగదికి ఆనుకున్న చిన్న గదిలో రెండు కంప్యూటర్లు పెట్టుకుని కూర్చుంటాడు. యాభై దాటినవాడు, సన్నగా, మాటకోసారి దగ్గుతాడు. తీసింది తీసినట్టు చూపించమనగానే ఈయనా కాసేపు నీళ్ళు నమిలాడు.

"ఎవరూ అడగరమ్మా. ఇంట్లో చిందరవందరగా ఉన్నప్పుడు చుట్టాలొచ్చినట్టుంటుంది" అని, తలుపు దగ్గరికి వేసి, ఎవరిదో ఒక పెళ్ళి పెట్టాడు.

కెమెరా అటూ ఇటూ ఊగింది. మధ్యమధ్యలో ఆయన దగ్గే వినిపించింది. కానీ దాని వెనకాల హాలు హాలంతా వినిపించింది. ఒక ముసలావిడ "నా చెప్పులెక్కడ పెట్టానే" అని ఎవరినో అడుగుతోంది. ఇద్దరు పిల్లలు ఐస్‌క్రీం కోసం కొట్టుకుంటున్నారు. పెళ్ళికొడుకు నాన్న ఎవరికో దారి చెబుతూ, తప్పు చెప్పి, మళ్ళీ చెబుతున్నాడు. సరిగ్గా ఉంగరాలు మార్చుకునే సమయానికి మాత్రం తెర మీదికి ఒక విశాలమైన వీపు వచ్చి నిలబడింది. అది కదిలేసరికి ఉంగరాలు వేళ్ళకెక్కిపోయాయి.

"నా తప్పేనమ్మా" అన్నాడు ఆయన, అడక్కుండానే. "స్టూలెక్కి నిలబడాల్సింది. అప్పట్నుంచి ఇది లేకుండా గడప దాటను" అని బల్ల కింద ఉన్న స్టూలు కాలితో జరిపి చూపించాడు.

కొలతలమ్మకి ఆ స్టూలు తెగ నచ్చింది. తన వంకర కుట్టు తానే తిప్పి చూపించిన మనిషిని ఆవిడ ఇన్నేళ్ళ పనిలో ఒకళ్ళిద్దరినే చూసింది.

ఖర్చు దగ్గర చిక్కొచ్చింది. ఆయన మామూలుగా తీసిపెడితే నలభై ఐదు వేలు. నలుగురికి మైకులు తగిలించి, వాటిని చూసుకోడానికి ఇంకో మనిషిని పెడితే పైన పదిహేను. డ్రోను తెప్పించినా పైన పదిహేనే. రెండూ అంటే కాగితం మీది గీతలు దాటిపోతాయి.

"డ్రోను" అంది కూతురు.

"మైకులు" అంది తల్లి.

వీడియో ఆయన ఇద్దరి మొహాలూ చూసి, ఇంటికెళ్ళి మాట్లాడుకుని ఫోన్ చేయమన్నాడు. పెళ్ళిళ్ళలో ముప్ఫై ఏళ్ళు గడిపిన మనిషికి ఆ మాత్రం తెలివి ఉంటుంది.

దారిపొడవునా కూతురు మొహం మాడ్చుకునే ఉంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే ఒంటికాలి మీద లేచింది. "నా పెళ్ళిలో నాకంటూ నేనడిగింది ఇదొక్కటే కదమ్మా! ఎవరెవరో చెప్పులెక్కడా అని అరుస్తుంటే వినడానికి పదిహేను వేలా?"

కొలతలమ్మ టీవీ కింద సొరుగు తెరిచి, తన పెళ్ళి వీడియో తీసింది. ఒకప్పుడు క్యాసెట్టు, తర్వాత సీడీ, ఇప్పుడు పెన్‌డ్రైవు. కూతురికి అది కొట్టినపిండే. చిన్నప్పుడు అందులో పాటలకి ఈ గదిలోనే గంతులేసేది. కొలతలమ్మ దాన్ని ముందుకి జరిపి జరిపి ఒకచోట ఆపి, మళ్ళీ వదిలింది. తెల్లచొక్కా వేసుకున్న పెళ్ళికొడుకు పెళ్ళికూతురి వైపు వంగి ఏదో అన్నాడు. పెళ్ళికూతురు పక్కున నవ్వి చేత్తో నోరు మూసుకుంది. వెనక చెవులు చిల్లులు పడేలా పాట మోగుతోంది.

"ఇక్కడ మీ నాన్న ఏమన్నాడో చెప్పు."

"నాకేం తెలుసు? నువ్వే చెప్పాలి."

"నాకూ గుర్తు లేదే. పద్నాలుగేళ్ళ నుంచి ఆ నోరే చూస్తున్నా. ఒకరోజు ఉక్కగా ఉందన్నట్టుంటుంది. ఇంకోరోజు ఆకలేస్తోందన్నట్టుంటుంది. ఏదైతేనేం, నన్నంత నవ్వించాడు."

కూతురు కుర్చీ అంచున కూర్చుంది. "ఇంకెక్కడా లేదా నాన్న గొంతు?"

"పాత ఫోనులో రికార్డయిన ఒక్క ముక్క ఉండేది. వచ్చేటప్పుడు ఉల్లిపాయలు తేవాలా అని. ఆ ఫోనూ పోయింది." కొలతలమ్మ మెడలోని టేపు తీసి వేలికి చుట్టడం మొదలుపెట్టింది. "ఇందులో ఉండేదే. వాళ్ళు మాటలతో సహా తీశారు. నేనే ఆ గోలంతా తీసేసి మంచి పాటలు పెట్టమన్నాను. తొమ్మిది పాటలు ఏరి, కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. ఆయన పోయాక వెళ్ళి అడిగితే, ఎక్కడుంటాయమ్మా, ఆ టేపుల మీద ఎన్ని పెళ్ళిళ్ళు తీశామో అన్నారు. నాకు మీ నాన్న గొంతు వినాలనుంటుందే. రోజూ అనిపిస్తుంది."

ఇంతకాలం కూతురి దగ్గర ఆ మాట దాచుకుంది. ఆ పాటలకి అంత సంబరంగా గంతులేసే పిల్లతో ఏమని చెబుతుంది?

కూతురు మర్నాడు మధ్యాహ్నం క్లినిక్ నుంచి తల్లికి ఫోన్ చేసింది. "ఆయనకి చెప్పేశానమ్మా, మైకులే అని. ఎవరెవరికి పెట్టాలో కూడా చెప్పాను. నువ్వు మళ్ళీ ఫోన్ చేసి ఆయన బుర్ర తినకు." గొంతులో డ్రోను పోయిన బాధ కొంచెం ఉంది గానీ, కోపం లేదు.

పెళ్ళిరోజు పొద్దున్నే వీడియో ఆయన స్టూలుతో సహా దిగాడు. పెళ్ళికొడుక్కి ఒక మైకు, పెళ్ళికూతురికి ఒకటి, పెళ్ళికొడుకు తాతగారికి ఒకటి తగిలించాడు. నాలుగోది పట్టుకుని కొలతలమ్మ భుజం దగ్గరికొచ్చాడు.

"నాకెందుకయ్యా? మాట్లాడేవాళ్ళకి పెట్టు."

"పెళ్ళికూతురి ఆర్డరమ్మా" అని దగ్గుతూనే తగిలించేశాడు.

ఓ పదినిమిషాలు ఆవిడ మెడ పట్టేసినదానిలా నడిచింది. పలకరించినవాళ్ళకి పుస్తకంలో చూసి చదివినట్టు జవాబులిచ్చింది. తర్వాత హాలు మేనేజరు కుర్చీలు తక్కువ వేయించాడని తెలిసింది, మైకు సంగతి మర్చిపోయింది.

పెళ్ళైన ఆరు వారాలకి, ఒక ఆదివారం, కూతురు ల్యాప్‌టాప్ పట్టుకుని షాపుకొచ్చింది. ఇస్త్రీ బల్ల మీద పెట్టి, ముందు చిన్న సినిమా చూపించింది. ఎనిమిది నిమిషాలు, కొంచెం సంగీతం, కొంచెం మాటలు. ఉంగరాలు స్పష్టంగా కనిపించాయి, ఎవరి వీపూ అడ్డం రాలేదు. కొలతలమ్మ సంతోషంగా తలూపింది. మిషను మీద ఉన్న ప్యాంటు వైపు తిరగబోతుంటే, "ఆగు, ఇంకోటుంది. నీకు నచ్చేది. అతికించనిది" అని కూతురు రెండోది పెట్టింది.

"నూట యాభై కుర్చీలని చెప్పి నూట నలభై రెండు వేస్తావా? నేను లెక్కపెట్టనని చెప్పారా నీకు?" అని గది దద్దరిల్లింది. కొలతలమ్మ ఉలిక్కిపడింది. ఆ గొంతు ఆగలేదు. ఊపిరి బిగపట్టవే, హుక్కు పడట్లేదు అంది. అల్లుడిని ఆ కోటు ఒకసారి తిప్పమంది. తాతగారికి మెత్తటి కుర్చీ అడిగింది. కూతురి బట్టల అంచు ఊడితే పక్కగదిలో కూర్చుని కుడుతూ, శ్రుతీ తాళం లేకుండా ఏదో కూనిరాగం తీసింది. ఆకలేస్తోందా తల్లీ అని అడిగింది. పావుగంట తర్వాత మళ్ళీ అదే అడిగింది.

కొలతలమ్మ నాలుక కరుచుకుంది. "ఛీ ఛీ, నా గొంతు ఇలా ఉంటుందా, రేకు గీరినట్టు! ఇన్ని గంటలూ నేనేనా? ఆ గోలంతా తీసేయించవే. ఏవైనా మంచి పాటలు పెట్టించు."

"ఒకసారి తీసేయించావు కదమ్మా" అంది కూతురు. "చాలదూ?"

కొలతలమ్మ మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకుంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆవిడ మేనేజరుతో మళ్ళీ కుర్చీల గొడవ ఎత్తుకుంది. కూతురు సౌండు ఇంకొంచెం పెంచింది.