ఖాళీ సమయంలో ఏం చేస్తారు?

ఆసుపత్రి లాండ్రీలో పదహారేళ్లుగా దుప్పట్లు ఉతుకుతున్న అక్కను సూపర్‌వైజర్ పోస్టుకని పిలిచి, ఖాళీ సమయంలో ఏం చేస్తారని ఇంగ్లీషులో అడిగారు. ఆమె తెల్లమొహం వేసింది. మిషన్ తిప్పడం ఆమె దగ్గరే నేర్చుకున్న అమ్మాయికి ఆ పోస్టు ఇచ్చేశారు.

ఏడాది తిరిగేసరికి మరో పోస్టు పడింది. చదువు మధ్యలో ఆపేసి, ఇంగ్లీషు సొంతంగా నేర్చుకున్న తమ్ముడు పాత పుస్తకాల కొట్లో నూరు ప్రశ్నల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చి, రోజూ పొద్దున్నే అక్కను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

“ఖాళీగా ఉన్నప్పుడు టెన్నిస్ ఆడతానని చెప్పు.”

“నేనెప్పుడు ఆడాన్రా?”

“పుస్తకంలో అలాగే ఉంది తల్లీ!”

“ఎవడో ఆడితే నేనెందుకు చెప్పాలి? నిద్రపోతానని రాసివ్వు.”

“నిద్రపోతానంటే ఉద్యోగమిస్తారా? నా ప్రాణం తియ్యకక్కా!” అంటూ పుస్తకం విసిరికొట్టాడు.

ఆమె దాన్ని తీసి దుమ్ము దులిపింది. “ప్రతి జవాబు చివరా ఈ ‘అండ్ యూ?’ ఏంట్రా?”

“మరి మీరు, అని ఎదుటివాళ్లని తిరిగి అడగడం. మర్యాద!” అని విసుక్కున్నాడు.

ఇంటర్వ్యూ రోజు అతను ఆసుపత్రి గేటు దగ్గర కాళ్లు పీకేదాకా నిలబడ్డాడు. అక్క తాపీగా బయటికొచ్చింది.

“ఏమడిగారు?”

“అదే ప్రశ్న. ‘ఐ స్లీప్’ అన్నాను. ఎదురుగా కూర్చున్న ముగ్గురు ఆఫీసర్లూ పడీపడీ నవ్వి, ఇక వెళ్లమన్నారు.”

“చెప్తే విన్నావా? కొంప ముంచావు!”

“ఆగరా. లేస్తూ ‘అండ్ యూ?’ అని మర్యాదగానే అడిగాను. ఒక్కడికీ నోరు పెగల్లేదు. జవాబు రాలేదని పోయినసారి నాకు పోస్టివ్వలేదుగా, మరి వీళ్ల పోస్టులు ఎవరు పీకుతారో లోపలికెళ్లి కనుక్కురా!”