కోడుమూరు సంతలో సముద్రపు జెల్ల

కర్నూలులో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. సముద్రపు జెల్ల పాఠం వచ్చిందంటే నాకు పూనకమే. ఆడచేప గోలీలంత గుడ్లు పెడితే, మగచేప వాటిని నోట్లోకి తీసుకుని, పిల్లలయ్యేదాకా వారాల తరబడి తిండి మానేసి మోస్తుంది. ఇంత చెప్పే నేను ఆ గుడ్లను కళ్లారా చూసింది లేదు. పోయిన ఆదివారం పొద్దున్నే నా పాత విద్యార్థిని సువార్త ఫోన్లో ఒక ఫొటో పంపింది. కోడుమూరు సంతకు ఐసుపెట్టెలో వచ్చిన జెల్ల, దాని నోట్లో గుడ్లు! వాళ్లమ్మ ఎలీసమ్మ ఆ సంతలోనే చేపలు కోసిస్తుంది. టిఫిన్ కూడా తినకుండా బస్టాండుకు పరిగెత్తాను.

ఏడున్నరకు బస్సు దొరికింది. గంట పైచిలుకు ప్రయాణం, టికెట్టు అరవై లోపే. ఎందుకు పోతున్నానో చెబితే కండక్టరు నవ్వాడు. "చేప నోరు చూసేదానికి ఇంత దూరమా మేడం? అందరూ తినేదానికి పోతారు!" బస్టాండు నుంచి సంతకు నడిచే పోవచ్చు. ఆదివారం ప్రార్థన ముగిశాక చేపల దగ్గర కాలు పెట్టే సందుండదు కాబట్టి ముందే చేరుకోవాలి.

నేను పోయేసరికి వ్యాపారి చేప గొంతు నొక్కి గుడ్లను కాలవలోకి రాలగొడుతున్నాడు. "సొంత గుడ్లు మింగే చేప మేడం, దీనికి సిగ్గు యాడుండాది?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "మింగలేదయ్యా, మోస్తోంది! అది తండ్రి!" అని అరిచాను. ఒక చేపను ఎత్తి పట్టుకుని నోరు తెరిచి, అక్కడే పాఠం మొదలుపెట్టాను. జనం మూగారు. కత్తిపీట ముందు కూర్చున్న ఎలీసమ్మ కూడా తలెత్తి నా చేతిలోని చేపను చూసింది. ఆ చూపు మరలడంలోనే ఆమె చేతిలోని జెల్ల ముల్లు అరచేతిలో దిగబడింది.

ఆమె కేక ఇంకా నా చెవుల్లో ఉంది. కోస్తాలో ఈ చేపను బుట్టలో వేసేముందే వీపు మీది ముల్లు, పక్క రెక్కల ముళ్లు రెండూ విరిచేస్తారు. చేప చచ్చినా ఆ ముళ్లలో విషం చావదు. రోహు, బొచ్చె లాంటి చెరువు చేపలు కోసే ఎలీసమ్మకు అది తెలియదు. తెలిసిన నేను చేప నోరు చూస్తూ నిలబడ్డాను.

సువార్త పరుగున వచ్చి తల్లి మణికట్టుకు చున్నీ బిగించింది. "సున్నం తేండప్పా! తేలు కుడితే మేం ఇట్లనే కడతాం." వ్యాపారి ఐసు ముక్కలు పట్టుకొచ్చాడు. "కట్టు విప్పు! ఐసు పారెయ్! వేడినీళ్లు కావాలి!" అని ఇద్దరి మీదా విరుచుకుపడ్డాను. ఆ విషం వేడికి విరుగుతుంది. టీ కొట్టాయన గిన్నెడు నీళ్లిచ్చాడు. నా చేత్తో వేడి చూసుకుని ఆమె చెయ్యి ముంచాను. కాసేపటికి ఏడుపు మూలుగయింది. అప్పటికీ నా కోపం తగ్గలేదు.

"మూడేళ్లు నా దగ్గర చదివి కట్టు కడతావా?" అన్నాను సువార్తతో.

ఆ పిల్ల కళ్లు తుడుచుకోలేదు. "మీరు ముల్లు గురించి యాడ చెప్పినారు మేడం? తండ్రి గురించే చెప్పినారు. శానా బాగా చెప్పినారు."

ఆటోలో ముగ్గురం ఆసుపత్రికి పోయాం. లోపల విరిగిన ముల్లు ముక్క తీసి, ధనుర్వాతం ఇంజెక్షను ఇచ్చారు. చెయ్యి దక్కింది. వారం రోజులు కత్తిపీట ముట్టుకోవద్దన్నారు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, ఆ రోజు అది నాకే సరిపోయింది. తిరుగు బస్సులో ఆ వ్యాపారి మీద, సువార్త మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. కుదరలేదు.

సంతలో జెల్ల కొంటే ముందు మూడు ముళ్లూ విరిపించండి. గుచ్చుకుంటే కట్టు కట్టొద్దు, ఐసు పెట్టొద్దు. ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి ముంచి, ఆసుపత్రికి పొండి. ఇది చెప్పడానికి అర నిమిషం చాలు. సువార్త నా క్లాసులో మూడేళ్లు కూర్చుంది.