గోలు పక్కన లియాఖత్

శనివారం సాయంత్రాల్లో ఐరిష్ క్లబ్బు మైదానంలో గోలు స్తంభం పక్కన తెల్లకోటు వేసుకుని నిలబడే పెద్దాయన లియాఖత్. కరీంనగర్‌లో పుట్టి, సింగపూర్ టాంపినీస్‌లో స్థిరపడ్డ రిటైర్డు సర్వేయరు. మనవరాలు షిఫా ఐరిష్ వాళ్ల ఆట గేలిక్ ఫుట్‌బాల్‌లో చేరాక, ఊరికే కూర్చోలేక అంపైరయ్యాడు. బంతి రెండు స్తంభాల మధ్య అడ్డకర్ర మీదుగా పోతే పాయింటు, తెల్లజెండా ఊపుతాడు. పక్కకు పోతే రెండు చేతులూ తలపైన అడ్డంగా ఆడిస్తాడు. బంతి వస్తుంటే ఒక కన్ను మూసి స్తంభం వెంట పైకి చూడడం పాత ఉద్యోగం అలవాటు.

ఆ రోజు స్కోరు సమానం. చివరి నిమిషంలో షిఫా కొట్టిన బంతి స్తంభానికి జానెడు బయటగా పోయింది. అది ఆయనొక్కడికే కనిపించింది. షిఫా అప్పటికే గెంతుతోంది. లియాఖత్ చేతులు ఆడించాడు. మ్యాచ్ డ్రా అయింది.

"జెండా ఊపితే ఏం పోయేది దాదా? ఎవరూ చూళ్లేదు లా," అంది షిఫా బూట్లు విప్పుతూ.

"నేను చూసిన గద బేటా."

కోచ్ డోనల్ నవ్వాడు. డోనల్ వాళ్ల ముత్తాత ఐర్లాండ్ స్వాతంత్ర్యం కోసం పోరాడిన వాలంటీరు, ఆదివారాలు అంపైరు. ఒకసారి తన దళనాయకుడు కొట్టిన గోలునే చెల్లదన్నాడట. "నాయకుడు వారం రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత కాపలాకి మాత్రం మా ముత్తాతనే పెట్టుకున్నాడు," అన్నాడు.

షిఫా బూట్లు సంచిలో పెట్టుకుంది.

"ఫైనల్‌కి కూడా మీరే రండి దాదా," అంది. "అవతలి జట్టు వాళ్లు కొట్టేవీ ఇంతే స్ట్రిక్ట్‌గా చూడండి లా."