మండెలో పెట్టిన చేయి

మా అత్తగారి చేతికి ఊళ్లో పేరుండేది. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నారు పోసే ముందు వడ్ల విత్తనాన్ని నానబెట్టి, గోనె సంచుల్లో కట్టి, పైన ఎండుగడ్డి కప్పి ఉంచుతాం. దాన్నే మండె కట్టడం అంటాం. రెండు రోజులకు లోపల వేడి పుట్టి, గింజ ముక్కు పగిలి తెల్లటి మొలక వస్తుంది. వేడి చాలకపోతే మొలక రాదు, ఎక్కువైతే గింజ ఉడికిపోతుంది. ఆ వేడి ఎంతుందో ఆవిడ సంచిలో చేయి పెట్టి చెప్పేది. ఆవిడ హస్తవాసి మంచిదని ఎదురింటి మావయ్య కూడా తన సంచి తెచ్చి మా వసారాలోనే పెట్టేవాడు. చుట్టరికమేమీ లేదు, పిలుపే మావయ్య.

నాకు ఇలాంటివంటే కాస్త వెటకారం. బందరులో పెరిగినదాన్ని. పెళ్లయి మోపిదేవి దగ్గర ఈ ఊరికి వచ్చేదాకా వడ్లను బస్తాల్లో తప్ప చూడలేదు. "చేతిలో థర్మామీటరు పెట్టుకుని పుట్టారా అత్తయ్యా?" అని ఆటపట్టించేదాన్ని.

"నవ్వమ్మాయ్, నవ్వు. రేపు పెట్టాల్సింది నీ చెయ్యే" అనేది ఆవిడ.

మూడేళ్ల కిందట తుపాను తొలకరికి వేసిన సార్వా పంటను నేలకు పడుకోబెట్టింది. ఇంట్లోకి సరిపడా గింజలు కూడా రాలేదు. దాళ్వాకి కాలవ నీళ్లిస్తామన్నారు గానీ, ఎప్పుడు కట్టేస్తారో కూడా ముందే చెప్పేశారు. నారు ఒక్క వారం ఆలస్యమైనా చివర్లో చేను ఎండిపోతుంది. సరిగ్గా మేం సంచులు కట్టిన రోజే చలి దిగింది. అలాంటి చలి మా వైపు నేనెరగను. పొద్దెక్కినా మంచు విడవలేదు. గేదెలు పాలు తగ్గించాయి. కాలవగట్టు మీద మాటలు వినిపించేవి, మనుషులు కనిపించేవారు కారు. ముందుగా పోసిన నారుమళ్లు ఎర్రబడిపోతున్నాయని అవనిగడ్డ వైపు నుంచి రోజూ కబుర్లు. ఏదో జరగబోతోందని నాకు ఒకటే గుబులుగా ఉండేది.

రెండో రోజు పొద్దున్న అత్తగారు ఒంట్లో బాగోక పడుకుంది. "ఓసారి చెయ్యి పెట్టి చూడమ్మాయ్" అంది. నేనప్పుడే కాలవలో గిన్నెలు కడిగి వచ్చాను. వేళ్లు కొయ్యబారిపోయి ఉన్నాయి. సంచిలో చేయి పెట్టగానే చురుక్కుమంది. గింజ ఉడికిపోతోందని హడలిపోయాను. ఆవిణ్ని లేపలేదు. పైన కప్పిన గడ్డి అంతా లాగేసి, మాదీ మావయ్యదీ రెండు సంచుల మీదా చన్నీళ్లు గుమ్మరించి అలాగే వదిలేశాను. మధ్యాహ్నం దాటాక మళ్లీ కప్పాను.

సాయంత్రం ఆవిడ లేచొచ్చి చేయి పెట్టేసరికి లోపల బావిగట్టు రాయిలా చల్లగా ఉంది. "వేడెక్కలేదేంటే!" అంటూ తన అరచేతినే తిప్పి తిప్పి చూసుకుంది. నేను నీళ్లు కాచే వంకతో లోపలికి వెళ్లిపోయాను.

తర్వాత గోరువెచ్చని నీళ్లు చల్లాం, దుప్పట్లు కప్పాం. సగానికే మొలకొచ్చింది. వేరే విత్తనం వెతుక్కునే వ్యవధి లేక దాన్నే చల్లాం. నారు అక్కడక్కడా లేచింది. ఊడ్పులు ఆలస్యమయ్యాయి. మా చేను ఎలాగో గట్టెక్కింది. మావయ్య పొలం కాలవ చివర. కంకి పాలు పోసుకునే వేళకు నీళ్లు ఆగిపోయాయి. ఇంటికొచ్చిందంతా గింజ నిండని తాలు.

మరుసటి ఏడు ఆయన మా వసారాకి సంచి తేలేదు. అత్తగారు చాలా రోజులు ఎదురుచూసి, "నా హస్తవాసి పోయిందమ్మాయ్. ఇక నువ్వే చూసుకో" అంది. ఆ తర్వాత మండెలో ఆవిడ చేయి పెట్టలేదు. నేను పిరికిదాన్ని. తెలిసీ ఊరుకున్నాను.

ఈ ఏడు మళ్లీ అదే చలి. ఇంకా పెరుగుతుందని పొద్దున్నే ఫోన్లో హెచ్చరిక వచ్చింది. వసారాలో మా సంచి ఒక్కటే ఉంది. నేను చేతిని కాసేపు చంకలో పెట్టుకుని, వెచ్చబడ్డాక సంచిలోకి దూర్చాను. కుర్చీలో కూర్చున్న అత్తగారు చూసింది.

"చంకలో ఎందుకమ్మాయ్?"

"చెయ్యి చల్లగా ఉంటే కాస్త వెచ్చనిది కూడా కాలినట్టుంటుంది అత్తయ్యా." అనేశాక నాలుక కరుచుకున్నాను.

ఆవిడ అరుగు వైపు తిరిగింది. "ఆ ఏడు నువ్వు కాలవ నుంచి వచ్చావు. తడిగిన్నెలు ఈ అరుగు మీదే పెట్టావు."

"గడ్డి నేనే తీసేశాను. చన్నీళ్లు కూడా నేనే పోశాను" అన్నాను. ఏడుపొచ్చింది.

ఆవిడ తన అరచేతిని ఒళ్లో పెట్టుకుని రెండో చేత్తో నెమ్మదిగా రుద్దుకుంది.

"ఎదురింటాయనకి చెప్పావా?"

"లేదు."

లేచి శాలువా కప్పుకుంది. "పద. నా ముందే చెబుదువుగాని."

మెట్లు దిగాం. మంచులో ఎదురిల్లు కనిపించడం లేదు. ఆయన దగ్గు మాత్రం వినిపిస్తోంది.